సుస్మితకు ఇచ్చిన మత్తు

జమ్మలమడుగు,
8 సెప్టెంబరు 2024

ప్రియమైన ప్రసన్నకు,

అక్క దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో గుర్తు లేదు. నువ్వు కర్నూలులో మెడిసిన్ చదివే రోజుల్లో రాసేదాన్ని. ఫోను చేయొచ్చు గదా అంటావు. ఫోను మోగితే చాలు, సుస్మిత పరుగెత్తుకొచ్చి లాక్కుంటుంది. స్పీకరు పెట్టి "సిన్నమ్మా, జాషువా ఏం చేస్తాండాడు?" అని మొదలుపెడుతుంది. దాని చెవిన పడకూడని మాటలు ఉన్నాయి కాబట్టి రాస్తున్నాను. జవాబు ఇంటికి వద్దు, మా బడి చిరునామాకు రాయి.

సుస్మిత అంగిలిలో మిగిలిపోయిన రంధ్రాన్ని మీ ఆసుపత్రి సర్జన్ చూశాడు గదా. దసరా సెలవుల్లో మూసేద్దాం అన్నాడు. నాకూ అదే మంచిదనిపిస్తోంది. పాలు తాగితే ముక్కులోంచి కారుతున్నాయి. మాట ముక్కుతో వస్తోంది. పిల్లలు ముక్కు పట్టుకుని దాని వెనకే నడుస్తూ వెక్కిరిస్తున్నారు. నేను టీచర్‌గా ఉన్న బడిలోనే, నా కళ్ళముందే. మొన్న ఇంటికొచ్చి "అమ్మా, నా నోరు ఎప్పుడు బాగయితాది?" అని అడిగింది.

నా భయమంతా మత్తు గురించే. పుట్టుకతో చీలిన పెదవి కుట్టినప్పుడూ, ఆ తర్వాత అంగిలి కుట్టినప్పుడూ ఆ ముసలి డాక్టరు ఏదో గాలి పట్టించాడు. లేచేటప్పుడు పిల్ల ఏడవలేదు, కాళ్ళూ చేతులూ కొట్టుకోలేదు. నా ఒళ్ళో ఒదిగి, నా వేలు పట్టుకుని, సగం కళ్ళతో నన్ను చూసింది. నేను తల్లినైంది ఆ చూపుతోనే అని నీతో ఎన్నోసార్లు అన్నాను. ఆ మత్తే ఇప్పించు.

ఇంకొకటి. మత్తు నువ్వే ఇవ్వాలి. డాక్టర్లు సొంతవాళ్ళకు ఇవ్వరని మీ బావ అన్నాడు. కానీ ప్రసన్నా, నువ్వు దాన్ని కన్నావు, నేను పెంచుతున్నాను. ఇన్నేళ్ళలో ఈ మాట మన మధ్య పైకి రాలేదు. సుస్మితకు ఆ సంగతి చెప్పే రోజు వస్తే నన్నే చెప్పనిస్తానని నాకు మాటిచ్చావు, నిలబెట్టుకున్నావు. అందుకే అడుగుతున్నాను. వేరే ఎవరి చేతుల్లోనో పెట్టి నేను బయట కూర్చోలేను. నీ చేతుల్లో అయితే కూర్చోగలను.

మరిది ప్రేమ్ సాగర్‌కు, మీ అబ్బాయి జాషువాకు మా దీవెనలు. పులివెందులలో మీ అత్తగారికి మోకాళ్ళ నొప్పి తగ్గిందా?

నీ అక్క
రత్నమణి

*

ప్రొద్దుటూరు,
15 సెప్టెంబరు 2024

అక్కా,

నీ దస్తూరి చూడగానే హాస్టల్ గుర్తొచ్చింది. ఎప్పుడూ గుండ్రటి అక్షరాలే నీవి, తిట్టినా గుండ్రంగానే తిడతావు.

మత్తు గురించి అడిగావు. ఆ ముసలి డాక్టరు ఇచ్చిన గాలి పేరు హాలోథేన్. చవకది, వాసనకు పిల్లలు పెద్దగా ఇబ్బంది పడరు. కానీ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, ఒక్కోసారి లయ తప్పిస్తుంది. మళ్ళీ మళ్ళీ ఇస్తే, అరుదుగానే అయినా, కాలేయానికి దెబ్బ తగలొచ్చు. సుస్మితకు ఇప్పటికే రెండుసార్లు పడింది. మూడోసారి నేను ఇవ్వను. ఇప్పుడు మా దగ్గర దొరకదు కూడా. ఐసోఫ్లూరేన్ అని ఇంకొకటి ఉంది, అది ఘాటు. మాస్కు పెట్టగానే పిల్లలు దగ్గుతారు, ఊపిరి బిగబడతారు. నిద్రపోయాక దాని మీదికి మార్చుకోవచ్చు గానీ నిద్రపుచ్చడానికి పనికిరాదు. డెస్‌ఫ్లూరేన్ మరీ ఘాటు.

నేను ఇవ్వాలనుకుంటున్నది సీవోఫ్లూరేన్. వాసన కొంచెం తియ్యగా ఉంటుంది. కాసిని ఊపిరులకే కళ్ళు మూతపడతాయి, ఆపగానే తొందరగా వదిలిపోతుంది. అంగిలి ఆపరేషన్ తర్వాత నోట్లో రక్తం ఉంటుంది. అప్పుడు సగం మత్తులో పడుకున్న పిల్ల కంటే తెలివొచ్చి ఏడ్చే పిల్లే క్షేమం. కొందరు లేచేటప్పుడు కాస్త చిరాకు పడతారు, కాసేపటికి సర్దుకుంటారు. నువ్వు కంగారు పడొద్దు.

నేనే ఇవ్వాలా? డాక్టర్ షాకీర్ నాకంటే సీనియర్, ఆయన చేతిలో పిల్లలకు భయం లేదు. అయినా నువ్వు అడిగావు కాబట్టి ఇస్తాను. ఆయన్ను పక్కన ఉండమంటాను.

నీకిచ్చిన మాట మరచిపోలేదు. నేనేమీ చెప్పను.

అత్తమ్మ పులివెందుల నుంచి మూటెడు చీనీకాయలు పంపింది. సగం బస్సులో మీకు పంపుతున్నాను, ఆపరేషన్‌కు ముందే రసం తీసి తాగించు, తర్వాత పులుపు పనికిరాదు. జాషువాకు ఈమధ్య మేకపిల్ల కావాలట, మేడ మీద కట్టేసుకుంటాడట. అత్తమ్మ ఫోనులో అందరినీ అడిగింది. సుస్మితను మాత్రం ఎప్పటిలాగే అడగలేదు.

నీ
ప్రసన్న

*

జమ్మలమడుగు,
14 అక్టోబరు 2024

ప్రసన్నా,

పిల్ల పడుకుంది. వేళ్ళు నోట్లో పెట్టుకోకుండా మీరు మోచేతులకు కట్టిన అట్టలు అలాగే ఉన్నాయి. రాగిజావ, మజ్జిగ చల్లార్చి తాగిస్తున్నాను. పాలు ఇప్పుడు ముక్కులోకి రావడం లేదు. మీ సర్జన్‌కు నా నమస్కారాలు చెప్పు.

ఆ రోజు నేను ఏమీ అనకుండా వచ్చేశాను. నలుగురిలో అనలేకపోయాను. ఇప్పుడు అడుగుతున్నాను.

"రాండమ్మా, పాప లేస్తాంది" అని నర్సు ఖైరున్నీసా నన్ను లోపలికి పిలిచింది. నేను పరుగెత్తాను. పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి. మంచం మీద విల్లులా వంగి లేస్తోంది, చేతికున్న సూది పీకేయబోతోంది. "నేనే తల్లీ, అమ్మను" అని పట్టుకోబోయాను. నా మొహం మీద తన్నింది. నా కళ్ళలోకి చూస్తూ అరిచింది: "నువ్వొద్దు! పో! నువ్వు మాయమ్మ కాదు! మాయమ్మ యాడ?"

పక్క మంచం దగ్గర ఒక ముసలామె ఉంది. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు నువ్వొచ్చావు. ఎత్తుకున్నావు. నీ భుజం మీద తల ఆనించి ఊరుకుంది. అంత గోల చేసిన పిల్ల, నిన్ను తాకగానే ఊరుకుంది. నువ్వు నా వైపు చూడలేదు. దాని వీపు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని నిలబడ్డావు. ఎంతసేపు నిలబడ్డావో నీకు తెలుసా?

"కాస్త చిరాకు" అని రాశావు నాకు.

థియేటర్ తలుపు దాకా దాన్ని నేనే ఎత్తుకొచ్చాను. తలుపుకున్న అద్దంలోంచి చూశాను. నువ్వు మాస్కు పెడుతూ దాని చెవి దగ్గర వంగావు. ఏదో చెబుతూనే ఉన్నావు, పిల్ల కళ్ళు మూసేదాకా. ఏం చెప్పావు? ఆ చెవిలో పోసిన మాటే లేవగానే ఆ నోట్లోంచి వచ్చిందా?

నాకు నిజం రాయి.

రత్నమణి

*

ప్రొద్దుటూరు,
18 అక్టోబరు 2024

అక్కా,

ఏం చెప్పానో రాస్తాను. "బెలూన్ ఊదు బంగారూ, పెద్దది ఊదు, పగలగొట్టు" అన్నాను. మాస్కు పెట్టే ప్రతి పిల్లకూ అదే చెబుతాను. నిద్రలోకి జారేటప్పుడు చివరి దాకా పనిచేసేది చెవే, అందుకే కళ్ళు మూసేదాకా మాట్లాడుతూనే ఉంటాం. పక్కనే షాకీర్ గారున్నారు, ఖైరున్నీసా ఉంది. నమ్మకం లేకపోతే వాళ్ళను అడుగు.

లేచేటప్పుడు జరిగింది ఈ మత్తుకు మామూలే. సీవోఫ్లూరేన్ తొందరగా వదులుతుంది, మెదడు అంతా ఒకేసారి మేలుకోదు. కళ్ళు తెరిచి ఉంటాయి, చూపు ఉండదు. నోరు మాట్లాడుతుంది, మనిషి ఉండదు. పోయిన వారం ఒక పిల్లవాడు కన్నతల్లినే దెయ్యం అన్నాడు, ఆమె నవ్వి ఊరుకుంది. హాలోథేన్‌తో ఇది తక్కువ, దీనితో ఎక్కువ. తెలిసే ఇచ్చాను. ఎందుకిచ్చానో నీకు ముందే రాశాను.

నన్ను తాకగానే ఊరుకుంది అన్నావు. నేను ఎత్తుకునే ముందే ఖైరున్నీసా సెలైన్ గొట్టంలో నిద్రమందు కొంచెం ఎక్కించింది. నువ్వు మొహం తుడుచుకుంటున్నావు, చూడలేదు. అప్పుడు ఎవరు ఎత్తుకున్నా ఊరుకునేది.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. కానీ "నిజం రాయి" అన్నావు గదా. మొదటి ఆపరేషన్ తర్వాత పిల్ల నీ ఒళ్ళో ఒదిగి నిన్ను చూసిన కథ ప్రతి క్రిస్మస్‌కూ చెబుతావు. పాస్టరు గారికి, చుట్టాలకు, ప్రేమ్ సాగర్‌కు, అందరికీ చెబుతావు. నేను ఎదురుగా కూర్చుని వింటాను. ఇన్నేళ్ళూ విన్నాను. మత్తు డాక్టరుగా ఇప్పుడు చెబుతున్నాను: అది ప్రేమ కాదక్కా. రక్తంలో మిగిలిపోయిన హాలోథేన్. ఆ స్థితిలో ఏ పసిబిడ్డయినా ఏ వేలయినా పట్టుకుంటుంది.

మత్తులో పిల్ల అన్న ఒక్క మాటకు ఇంతగా కదిలిపోయావంటే, ఆ భయం పిల్లది కాదు, నీది.

కుట్లు జాగ్రత్త. గట్టి పదార్థాలు పెట్టొద్దు, ఏడవనివ్వొద్దు.

ప్రసన్న

*

జమ్మలమడుగు,
2 నవంబరు 2024

డాక్టర్ ప్రసన్నకుమారి గారికి,

మీ ఉత్తరం అందింది. నా ఒళ్ళో పడుకున్నది నా బిడ్డ కాదు, గాలి అని తెలియజేసినందుకు వందనాలు.

ఆ ఉత్తరం చదివిన రోజే సుస్మితను అడిగాను. "సిన్నమ్మ నీ చెవిలో ఏం చెప్పింది?" "బెలూన్ ఊదమన్నాది" అంది. "ఇంగేం చెప్పింది?" "అంతే." మీరు రాసిన మాటనే చెప్పింది. ఇద్దరూ ఒక్క మాటే చెబుతుంటే నేనేమనుకోవాలి? ముందే నేర్పి ఉంటారు అనుకున్నాను. మరుసటి రోజు మళ్ళీ అడిగాను. ఆ తర్వాత కూడా. లేచేటప్పుడు ఏమన్నావో గుర్తుందా అని అడిగాను, గుర్తు లేదంది. నన్ను తన్నింది కూడా గుర్తు లేదట. అబద్ధం చెప్పొద్దని చెంప మీద కొట్టాను.

అప్పుడే మైలవరం డ్యాం డ్యూటీ నుంచి మీ బావ వచ్చాడు. "ఏంది నువ్వు చేస్తాండేది? కుట్లున్న నోటి మీద కొడతాండావే, నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అని పిల్లను లాక్కున్నాడు. పిల్ల నోట్లోంచి ఎర్రగా కొంచెం వచ్చింది. పుక్కిలించింది, ఆగిపోయింది.

ఆ రోజు సాయంత్రం దాన్ని కూర్చోబెట్టి నేనే చెప్పాను. మీరు సగం చెప్పి ఉంటే మిగతా సగం నా నోటితో పోవాలి, అదే కదా మన ఒప్పందం. "నేను నిన్ను కనలేదు. నిన్ను కన్నది ప్రొద్దుటూరు సిన్నమ్మ" అన్నాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. చాలాసేపు అట్టలతో ఆడుకుంటూ కూర్చుంది. తర్వాత అడిగింది: "నా నోరు బాగలేదని ఇచ్చేసినాదా?"

అవును అన్నాను.

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

రత్నమణి

*

ప్రొద్దుటూరు,
6 నవంబరు 2024

అక్కా,

ఆరేళ్ళ పిల్ల అడిగితే అవునన్నావా! కొట్టిన చెయ్యి చాలలేదా నీకు?

నేను దానికి ఏమీ చెప్పలేదు. ఒక్క ముక్క కూడా. నీకిచ్చిన మాట నేను నిలబెట్టుకున్నాను, నువ్వే చెప్పావు. దాని అనుమానంలో లేనిది, కలలో లేనిది, మత్తులో కూడా లేనిది నువ్వు తెచ్చి దాని చేతిలో పెట్టావు.

నేను ఇచ్చేశానా? పులివెందులలో ఆ ఇంటి వెనక గదిలో ఎట్లా ఉన్నానో చూసిందానివి నువ్వొక్కదానివే. పిల్లను చూడటానికి ఎవరినీ రానివ్వలేదు అత్తమ్మ. పాలు పట్టడానికి చెంచా కూడా వేరే పెట్టింది. ప్రేమ్ సాగర్ నోరు విప్పలేదు. నాకు కర్నూలులో పీజీ సీటు వచ్చి ఉంది, పాలు తాగలేని బిడ్డ ఒళ్ళో ఉంది. నువ్వొచ్చి అత్తమ్మ ముందు నిలబడి ఏమన్నావో మరచిపోయావా? "ఈ మొగం మీకెవురికీ వద్దు గదా, మేం తీసకపోతాం" అన్నావు. అందరూ నిన్ను దేవత అన్నారు. ఆ మాట విన్నప్పుడు నా కూతురి మొహం కేసి చూసుకుంది నేను. బండెక్కేదాకా నువ్వు దాన్ని నా చేతిలో పెట్టలేదు, ఎక్కడ మనసు మార్చుకుంటానో అని.

నీకు పిల్లలు లేరు కాబట్టి అడిగావు. చీలిన పెదవి కాబట్టి దొరికింది. మంచి పెదవైతే నీకు ఎవరిచ్చేవాళ్ళు?

ఆదివారం వస్తున్నాను. నా బిడ్డకు నేనే జవాబు చెప్పుకుంటాను. దాని బట్టలు సర్ది పెట్టు, నాతో తీసుకొస్తాను. ఇంట్లో ఎవరేమన్నా సరే.

ప్రసన్న

*

జమ్మలమడుగు,
12 నవంబరు 2024

ప్రసన్నకు,

బట్టలు సర్ది పెట్టాను, చూశావు గదా. ఆ పెట్టె ఇంకా వాకిట్లోనే ఉంది. లోపల పెట్టడానికి నాకు చేతులు రావడం లేదు, మీ బావ దాన్ని ముట్టుకోవడం లేదు.

నువ్వు దాన్ని ముద్దు పెట్టుకోబోతే మంచం కోడు పట్టుకుని కూర్చుంది. "నిన్ను నేను వద్దనుకోలేదు తల్లీ, నేను చదువుకోడానికి పోయినాను" అన్నావు. అది విన్నదో లేదో నాకు తెలియదు. నీతో వచ్చిన జాషువాను దగ్గరికి పిలిచింది. "నోరు తెరూ" అంది. వాడు ఆటనుకుని తెరిచాడు. వాడి పెదవి వేలితో పైకెత్తి చూసింది, తల వంచి అంగిలి చూసింది. "వీనిది బాగుండాది" అని వదిలేసింది. అప్పుడు నీ మొహం చూడాలనిపించింది, చూశాను. ఆ చూడటం నాకు బాగానే అనిపించింది. ఇది కూడా రాస్తున్నాను.

తర్వాత ప్రేమ్ సాగర్ ఫోను వచ్చింది. నువ్వు వాకిట్లోకి పోయి మాట్లాడావు. నువ్వు ఎంత మెల్లగా మాట్లాడినా అతని గొంతు మా వంటింట్లోకి వినబడింది. "మాయమ్మకు ఏమని చెప్పల్ల? జాషువాకు ఏమని చెప్పల్ల?" లోపలికొచ్చి, "క్రిస్మస్ అయినాక చూద్దాం లే అక్కా" అన్నావు. పిల్ల చెప్పులు వేసుకుని ఉంది. ఎవరు వేసుకోమన్నారో, తనకే వేసుకోవాలనిపించిందో తెలియదు. నీ కారు మలుపు తిరిగాక చెప్పులు విప్పి గూట్లో పెట్టింది.

నిన్న పాలు తాగుతుంటే ముక్కులోంచి వచ్చాయి. టార్చి వేసి చూశాను. రంధ్రం తెరుచుకుంది. మొదట్లో ఉన్నదాని కంటే పెద్దదిగా ఉంది.

నన్ను అమ్మా అనడం లేదు. అట్లాగని వేరే ఏమీ అనడం లేదు. ఏదైనా కావలసి వస్తే వచ్చి ఎదురుగా నిలబడుతోంది.

రత్నమణి

*

ప్రొద్దుటూరు,
19 జనవరి 2025

అక్కా,

బావ పంపిన ఫోటో మా సర్జన్‌కు చూపించాను. వెంటనే ముట్టుకుంటే నిలవదు, చుట్టూ కండ గట్టిపడాలి అన్నారు. వేసవిలో చేయించాలి. ఇక్కడ వద్దు. కర్నూలులో నాతోపాటు చదివిన డాక్టర్ రషీదా ఉంది, పిల్లల మత్తులో మంచి అనుభవం. ఆమెతో మాట్లాడాను.

ముందు బెదురు పోవడానికి తాగే మందు ఇస్తారు. సీవోఫ్లూరేన్‌తో నిద్రపుచ్చుతారు, పిల్ల పూర్తిగా పడుకున్నాక ఐసోఫ్లూరేన్‌కు మారుస్తారు. లేపబోయే ముందు నరంలోకి ఇంకో మందు మెల్లగా ఎక్కిస్తారు. ఆలస్యంగా, నెమ్మదిగా తెలివి వస్తుంది. రక్తం ఊపిరిలోకి పోకుండా రషీదా పక్కనే కూర్చుంటుంది. ఇవన్నీ పోయినసారి ఎందుకు చేయలేదని అడుగుతావు. తొందరగా లేవడమే క్షేమమనుకున్నాను. ఇప్పటికీ నేను చేసింది తప్పనుకోవడం లేదు. నీ కోసం, నీకు కావలసినట్టు లేపమంటున్నాను.

నేను రాను. ఇంట్లో ఆ ఆదివారం తర్వాత ఒక్కరూ సరిగా మాట్లాడటం లేదు. జాషువా వచ్చినవాళ్ళందరినీ నోరు తెరవమంటున్నాడు.

ప్రసన్న

*

జమ్మలమడుగు,
25 మే 2025

ప్రసన్నకు,

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టర్ రషీదా మంచి మనిషి. లోపలికి తీసుకుపోయేటప్పుడు పిల్ల ఏడవలేదు, నా వైపు తిరిగి చూడలేదు కూడా, తాగే మందు వల్లనేమో.

నన్ను ముందుగానే పిలిచి మంచం పక్కన కూర్చోబెట్టారు. నువ్వు రాసినట్టే అయ్యింది. మెల్లగా, చాలా మెల్లగా వచ్చింది తెలివి. మొదట కనురెప్పలు కదిలాయి. వేళ్ళు కదిలాయి. నా వేలు దాని అరచేతిలో పెట్టాను, మూసుకుంది. నువ్వు రాసిన మాట గుర్తొచ్చింది, ఏ వేలయినా పట్టుకుంటుందని. అయినా తీయలేదు. డాక్టరమ్మ వంగి "నీ పేరేంది నాన్నా?" అంటే "సుస్మిత" అంది. "ఏ ఊరు?" "జమ్మలమడుగు." "ఈమెవురు సూడు" అని నన్ను చూపించింది.

నన్ను చూసింది. అరవలేదు, తన్నలేదు. మత్తు లేదు ఆ కళ్ళలో. ఆ కళ్ళు నన్ను బాగా గుర్తుపట్టాయి. నా వేలు వదిలి,

"పెద్దమ్మా, నీళ్ళు" అంది.

డాక్టరమ్మ నవ్వి, "శానా బాగ లేసింది, మీరు అదృష్టవంతులు. మాట కూడా ఎంత స్పష్టంగా వస్తాందో సూడండి" అని పోయింది. ఆమెకు నేనెవరో తెలియదు గదా.

దూదితో పెదవులు తడిపాను. బయటికొచ్చి మీ బావకు చెబితే ఆయన మెట్ల మీద కూర్చుండిపోయాడు. నన్ను తిట్టినా బాగుండేది.

ఈసారి నేను నిందించడానికి గాలి లేదు, నువ్వు లేవు. అందుకే అడుగుతున్నాను. నువ్వు తీసుకుపో. బళ్ళు తెరిచేలోగా తీసుకుపో, అక్కడే చేర్పించు. ఆ పిలుపు వింటూ ఈ ఇంట్లో నేను వంట చేయలేను. "నా బిడ్డ" అని నువ్వే రాశావు, ఆదివారం వచ్చి తీసుకొస్తానన్నావు. రా. నేను అడ్డం రాను, ఏడవను. కావాలంటే పులివెందులకు నేనే వచ్చి మీ అత్తగారి కాళ్ళు పట్టుకుంటాను.

అక్క

*

ప్రొద్దుటూరు,
5 జూన్ 2025

అక్కా,

ఆపరేషన్ బాగా కుదిరినందుకు దేవునికి స్తోత్రం. రషీదా కూడా ఫోను చేసింది.

తీసుకురావడం ఇప్పుడే కాదు. అత్తమ్మ మోకాలి ఆపరేషన్ చేయించుకుని మా దగ్గరే ఉంది. జాషువాను కొత్త బడిలో వేశాం, వాడికి ఇప్పుడే ఏమని చెబుతాం? ప్రేమ్ సాగర్ వద్దనడం లేదు, కొంచెం టైమివ్వమంటున్నాడు. నవంబరులో కోపంలో ఏదో అన్నాను, నువ్వూ అన్నావు. పిల్లకు అలవాటైన ఇల్లు, అలవాటైన బడి. మార్చితే బెదిరిపోతుంది. పెద్దదైతే తనే అర్థం చేసుకుంటుంది.

పిలుపు గురించి బాధపడొద్దు. అదేమీ తప్పు వరస కాదు గదా అక్కా. నేను కన్నాను, నువ్వు నాకు అక్కవు. పిల్ల సరిగానే పిలిచింది.

కొత్త బట్టలు పంపుతున్నాను. మందులు ఆపొద్దు.

ప్రసన్న

*

జమ్మలమడుగు,
29 జూన్ 2025

ప్రసన్నకు,

బట్టలు అందాయి. పొట్టివయ్యాయి. నీకు దాని కొలత తెలియదు గదా. పక్కింటి పిల్లకు ఇచ్చాను.

సుస్మిత బడికి పోతోంది. అంగిలి నిలిచింది, పాలు ముక్కులోకి రావడం లేదు, ఎవరూ వెక్కిరించడం లేదు. క్లాసులో నన్ను టీచర్ అంటుంది, ఇంట్లో పెద్దమ్మా అంటుంది. మీ బావను మాత్రం నాన్నా అనే పిలుస్తుంది. ఆయన ఎవరో దానికి ఎవరూ సరిదిద్ది చెప్పలేదు. ఆయన డ్యూటీ నుంచి వస్తే ఎదురు పరుగెత్తుతుంది. నేను తలుపు తీసి పక్కకు జరుగుతాను.

నిన్ను రమ్మని ఇక అడగను. నువ్వు రావొద్దు కూడా.

నిన్న అన్నం పెడుతుంటే అడిగింది: "పెద్దమ్మా, ప్రొద్దుటూరు సిన్నమ్మను ఇంగ ఏమని పిలవల్ల?"

నీ ఇష్టం అన్నాను.

ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించింది. "అయితే ఏమీ పిలవను" అని, పెరుగు వేయమంది.

రత్నమణి